వెల్లకిల పడుకునే ఆరు వారాలు

తుంటి మార్పిడి ఆపరేషన్ చేయించుకొని ఇంటికి వచ్చినవారిని పలకరించడానికి వెళ్లినప్పుడు, నొప్పి ఎలా ఉందని నేను అడుగుతాను. వారు మాత్రం నిద్ర సంగతి చెబుతారు. పాతబస్తీలో ఒక పెద్దావిడ నాతో ఇలా అన్నారు: "నొప్పి అంటే ఓర్సుకుంట అయ్యగారూ. ఈ ఎల్లకిల పండుకునుడే నాతోని అయితలేదు. పీనుగును పండబెట్టినట్టు పండబెట్టిండ్రు." పక్కనే ఉన్న కోడలు నవ్వింది. ఆవిడ నవ్వలేదు.

ఆవిడ మాటలో నిజం ఉంది. మనలో చాలామంది చిన్ననాటి నుండి ఒక పక్కకు తిరిగి, మోకాళ్లు ముడుచుకొని పడుకున్నవారమే. చాపమీద పడుకున్నా మంచంమీద పడుకున్నా అదే అలవాటు. వెల్లకిల పడుకుంటే పీడకలలు వస్తాయని నమ్మే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. అరవై, డెబ్బై ఏండ్లు ఒక రకంగా నిద్రించిన మనిషిని, ఒక్కసారిగా కాలివేళ్లు పైకప్పు వైపు పెట్టి కదలకుండా పడుకోమంటే కష్టమే. అయితే ఈ కష్టానికి కారణం ఉంది, గడువు ఉంది, దాన్ని తగ్గించే ఉపాయాలూ ఉన్నాయి. ప్రియ పాఠకులారా, ఈ నెల ఆ మూడు విషయాలు చెప్పుకుందాం. నేను వైద్యుడను కాను. వైద్యులు, ఫిజియోథెరపిస్టులు రోగులకు చెప్పే సంగతులనూ, ఇండ్లలో నేను చూచిన సంగతులనూ ఇక్కడ కూర్చుతున్నాను. మీ సర్జన్ మీకు ఇచ్చిన కాగితంలో వేరుగా ఉంటే ఆ కాగితమే మీకు ప్రమాణం.

తొడగూడు అంటే ఏమిటి?

బైబిలు చదివేవారికి తొడగూడు అనే మాట కొత్త కాదు. పెనూయేలు దగ్గర యాకోబుకు దెబ్బ తగిలిన కీలు అదే. మన కటి ఎముకలో రెండు వైపులా గిన్నెలాంటి గుంట ఉంటుంది. తొడ ఎముక పైకొన బంతిలాగా ఉండి ఆ గిన్నెలో తిరుగుతుంది. చుట్టూ బలమైన సంచిలాంటి పొర, దానిపైన కండరాలు ఆ బంతిని గిన్నెలో నిలిపి ఉంచుతాయి. మనం నడిచినా, కూర్చున్నా, మెట్లెక్కినా శరీరపు బరువు ఈ కీలు మీదుగానే కాళ్లలోకి దిగుతుంది.

పెద్ద వయసులో జారిపడి తొడ ఎముక మెడ విరగడం, కీళ్లవాతంతో గిన్నె అరిగిపోవడం, రక్తప్రసారం ఆగి బంతి భాగం కుళ్లిపోవడం, ఇవి ఆపరేషన్‌కు దారితీసే ముఖ్య కారణాలు. చివర చెప్పినది మన దేశంలో నలభై ఏండ్లు నిండనివారిలో కూడా కనబడుతుంది. స్టెరాయిడ్ మందులు ఎక్కువకాలం వాడినవారికి, మద్యం ఎక్కువగా త్రాగేవారికి ఈ ప్రమాదం ఎక్కువ.

పాడైన బంతిని తీసి లోహపు బంతి, అరిగిన గిన్నె స్థానంలో గట్టి ప్లాస్టిక్ గిన్నె అమర్చే పద్ధతిని ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ అనే సర్జన్ 1962లో స్థిరపరచారు. ఇప్పటి ఆపరేషన్లన్నిటికీ అదే మూలం. మన హైదరాబాదులో 1964లో పంజాగుట్టలో ప్రత్యేకంగా ఎముకల వైద్యం కోసమే నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి మొదలైంది. ఇప్పుడు అందరూ నిమ్స్ అని పిలిచేది దాన్నే. ఇటు మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఉండనే ఉంది. నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు నుండి ఇమ్లీబన్‌లో బస్సు దిగి ఎందరో పల్లెవాసులు ఈ ఆసుపత్రులకు వస్తారు. ఆపరేషన్ తరువాత కుట్లు తీసేవరకు కొడుకు ఇంట్లోనో, కూతురి ఇంట్లోనో పాతబస్తీ గల్లీలలో ఉండిపోయేవారు నాకు తెలిసినవారిలోనే చాలామంది ఉన్నారు.

వెల్లకిల ఎందుకు?

ఆపరేషన్ మరునాడే, కొందరిని అదే రోజు, వాకర్ పట్టించి నడిపిస్తారు. అది చూచి ఇంటివాళ్లు, ఇక అంతా గట్టిపడిందని అనుకుంటారు. లోపల పెట్టిన బంతి, గిన్నె గట్టివే. కాని లోపలికి వెళ్లడానికి సర్జన్ తెరచిన పొర, కండరాలు మాత్రం మెల్లగా మానుతాయి. వాటికి దాదాపు ఆరు వారాలు పడుతుంది, పూర్తి బలం రావడానికి మూడు నెలలు పట్టవచ్చు. ఈలోగా కాలు వంకరగా తిరిగితే బంతి గిన్నెలోనుండి జారిపోవచ్చు. అలా జారేవారు నూటికి ఇద్దరు ముగ్గురికి మించరు. జారినవారిలో ఎక్కువమందికి అది మొదటి మూడు నెలల్లోనే జరుగుతుంది.

తుంటి వెనుక వైపు నుండి ఆపరేషన్ చేసినప్పుడు మూడు కదలికలు వద్దంటారు. ఒకటి, తుంటి దగ్గర మనిషి మరీ వంగకూడదు. అంటే కుర్చీలో నిటారుగా కూర్చున్నప్పుడు ఉండే మూలమట్టం కంటే ఎక్కువగా మోకాలు ఛాతీ వైపు రాకూడదు. రెండు, ఆ కాలు శరీరపు మధ్యగీత దాటి రెండవ కాలి మీదికి పోకూడదు. మూడు, పాదం లోపలి వైపుకు తిరగకూడదు.

ఇప్పుడు మనం పక్కకు తిరిగి ముడుచుకొని పడుకునే తీరు గుర్తు చేసుకోండి. మోకాళ్లు పొట్ట దగ్గరికి వస్తాయి. పైకాలు క్రింది కాలును దాటి ముందుకు వాలుతుంది. పాదం లోపలికి తిరుగుతుంది. వద్దన్న మూడు కదలికలూ ఒక్క నిద్రలోనే, మనకు తెలియకుండానే జరిగిపోతాయి. పగలు మనిషి మెలకువగా ఉండి జాగ్రత్తపడతాడు. రాత్రి కాపలా ఉండదు. అందుకే వెల్లకిల పడుకొని కాళ్ల మధ్య దిండు పెట్టుకోమంటారు. అలా పడుకున్న మనిషికి ఆ మూడు కదలికల్లో ఏదీ సులభంగా జరగదు. ఆ దిండే రాత్రంతా కాపలా కాస్తుంది.

తుంటి ముందు వైపు నుండి ఆపరేషన్ చేసినవారికి నియమాలు వేరు. వారు కాలిని బాగా వెనుకకు చాచకూడదనీ, పాదాన్ని బయటికి తిప్పకూడదనీ చెబుతారు. ఇటీవలి సంవత్సరాలలో కొందరు సర్జన్లు తమ రోగులకు చాలా నియమాలు సడలిస్తున్నారు కూడా. కాబట్టి పక్కింటివారికి చెప్పినది మీకూ వర్తిస్తుందని అనుకోవద్దు. ఇంటికి పంపే రోజున మూడు ప్రశ్నలు అడిగి వ్రాయించుకోండి: ఆపరేషన్ ఏ వైపు నుండి చేశారు? ఎన్ని వారాలు వెల్లకిల పడుకోవాలి? ఏ రోజు నుండి పక్కకు తిరగవచ్చు?

మంచం సిద్ధం చేయడం

మొదట చెప్పిన పెద్దావిడది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. వాకిట్లో జారిపడి తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ తరువాత ఉప్పుగూడలో కొడుకు అద్దెకుంటున్న ఇంటికి తెచ్చారు. ఒకటే గది, ముందు వంటకు కాస్త చోటు. ఇంటిల్లపాది నేలమీద పరుపులు పరచుకొని పడుకునేవారు. తల్లికని ఊరి నుండి నులకమంచం తెప్పించాలని కొడుకు అనుకున్నాడు. ఫిజియోథెరపిస్టు వద్దన్నారు. నులకమంచం నడుమ క్రిందికి సాగుతుంది. పడుకుంటే నడుము గుంటలోకి దిగి తుంటి వంగుతుంది, లేవాలంటే మోకాళ్లు పైకి వస్తాయి. నేలమీది పరుపు అంతకంటే ప్రమాదం.

ఎదురింటి ముస్లిము కుటుంబంలోని పెద్దావిడ ఈ సంగతి విని తమ ముందుగదిలోని తఖ్తు పంపించారు. పాతబస్తీ ఇండ్లలో కూర్చోవడానికి వేసుకునే చెక్క బల్ల అది. వెడల్పుగా, గట్టిగా, ఎక్కడా సాగకుండా ఉంటుంది. ఎత్తు చాలకపోతే కొడుకు కట్టెల అడితి నుండి నాలుగు దిమ్మెలు కోయించి తెచ్చాడు. ఒక్కొక్క దిమ్మెలో తఖ్తు కాలు కూర్చునేటట్లు గుంట చెక్కించాడు. ఆ గుంట లేకపోతే రోగి కూర్చోగానే దిమ్మె జారిపోతుంది. విడి ఇటుకలు పేర్చడం కూడా అందుకే మంచిది కాదు.

ఎత్తు ఎంత ఉండాలి? రోగిని మంచం ప్రక్కన నిలబెట్టి చూడండి. పరుపు పైభాగం మోకాలి కంటే రెండు మూడు అంగుళాలు పైకి ఉంటే సరిపోతుంది. కూర్చున్నప్పుడు పాదాలు నేలకు ఆనాలి, మోకాళ్లు తుంటి కంటే పైకి రాకూడదు. చాలామందికి ఇది పరుపుతో కలిపి ఇరవై అంగుళాల దగ్గరలో వస్తుంది. పొట్టివారికి కొంచెం తక్కువ. పరుపు గట్టి దూదిదై ఉండాలి. మెత్తని స్పాంజి పరుపు మీద దిగబడిపోతే వెనుకటి సంగతే అవుతుంది. మంచం తలవైపు గోడకు ఆనించి, ఆపరేషన్ అయిన కాలి వైపు ఖాళీగా ఉంచండి. చాలామంది ఫిజియోథెరపిస్టులు ఆ వైపు నుండే దిగమంటారు, ఎందుకంటే అప్పుడు ఆ కాలు ముందుగా బయటికి వస్తుంది, మధ్యగీత దాటదు.

కాళ్ల మధ్య పెట్టే దిండు ఆసుపత్రిలో త్రికోణపు ఆకారంలో ఇస్తారు. అది లేకపోయినా బాధ లేదు. రెండు మామూలు దూది దిండ్లు పొడవుగా కలిపి కుట్టిస్తే చాలు. తొడల దగ్గర నుండి చీలమండల వరకు వచ్చేంత పొడవు ఉండాలి. మోకాళ్ల మధ్య మాత్రమే చిన్న దిండు పెడితే పాదాలు దగ్గరికి వచ్చి లోపలికి తిరుగుతాయి. గుండ్రని బాలీసు దొర్లిపోతుంది. రాత్రి నిద్రలో దిండు జారిపోయే అలవాటు ఉన్నవారికి, వెడల్పాటి మెత్తని గుడ్డతో దిండును ఒక కాలికి వదులుగా కట్టవచ్చు. బిగించి కట్టకూడదు.

ఎక్కడం, దిగడం

పడుకోవడం కంటే పడుకునే ముందరి రెండు నిమిషాలే ముఖ్యం. రోగి వాకర్‌తో వెనుకకు నడిచి, మంచం అంచు కాళ్ల వెనుక తగిలేవరకు రావాలి. ఆపరేషన్ అయిన కాలిని కొంచెం ముందుకు చాచి, రెండు చేతులు పరుపు మీద ఆనించి నెమ్మదిగా కూర్చోవాలి. తరువాత చేతుల బలంతో పిరుదులను పరుపు మధ్యకు జరుపుకోవాలి. అప్పుడు వెనుకకు మోచేతుల మీద వాలుతూ, నడుము, రెండు కాళ్లు ఒక్క దుంగలాగా కలిపి మంచం మీదికి తిప్పాలి. నడుము ఒకవైపు, కాళ్లు ఒకవైపు తిరగకూడదు. సహాయం చేసేవారు ఆ కాలిని మోకాలి క్రింద ఒక చేయి, చీలమండ క్రింద ఒక చేయి పెట్టి మోయాలి. ప్రేమతోనైనా చంకల క్రింద చేతులు వేసి లాగవద్దు. దిగేటప్పుడు ఇదే వరుస వెనుకనుండి మొదలుపెట్టాలి.

మొదటి రెండు మూడు రోజులు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు ఈ పని చేయిస్తున్నప్పుడు ఇంట్లో సేవ చేయబోయే మనిషే దగ్గరుండి చూడాలి. తరచుగా జరిగేదేమిటంటే, ఆసుపత్రిలో కొడుకు ఉంటాడు, ఇంట్లో చేసేది కోడలో మనుమరాలో అవుతుంది. చూచినవారు ఒకరు, చేసేవారు ఒకరు. ఈ ఏర్పాటు మార్చుకోండి.

నిద్ర పట్టడానికి చిన్న ఉపాయాలు

వెల్లకిల పడుకున్నవారికి మొదట వచ్చే బాధ నడుములో. ఒక పలుచని తువాలు నాలుగు మడతలు వేసి నడుము ఒంపు క్రింద పెడితే చాలామందికి హాయిగా ఉంటుంది. మోకాలి క్రింద దిండు పెట్టమని రోగి అడుగుతాడు. కాసేపు హాయిగానే ఉంటుంది, కాని రాత్రంతా అలా ఉంచితే తుంటి వంగినట్టే బిగుసుకుపోయి తరువాత నిటారుగా నిలబడడం కష్టమవుతుంది. కాబట్టి సర్జన్ చెబితే తప్ప వద్దు.

రెండవ బాధ మడమలది. గంటలకొద్దీ ఒకేచోట ఆని ఉంటే మడమ ఎర్రబడి పుండు పడుతుంది, ముఖ్యంగా చక్కెర వ్యాధి ఉన్నవారికి. పిక్క పొడవునా ఒక పలుచని మడత గుడ్డ పెట్టి మడమ పరుపుకు తగలకుండా చూడండి. నడుము క్రిందిభాగం కూడా ప్రతిదినం చూడాలి. అక్కడ చర్మం ఎర్రబడి, నొక్కినా తెల్లబడకపోతే ఒరుపు పుండు మొదలవుతున్నదని గుర్తు, వెంటనే వైద్యునికి చూపించాలి.

తల క్రింద ఒక్క దిండు చాలు. మూడు నాలుగు దిండ్లు పెట్టి కూర్చున్నట్టు పడుకోబెడితే తుంటి వంగుతుంది. దుప్పటి కాళ్ల దగ్గర మడిచి పెట్టవద్దు. చలి వేసి లేచి దుప్పటి అందుకోబోయినప్పుడే మనిషి ఎక్కువగా వంగుతాడు. దుప్పటి నడుము వరకు కప్పి ఉంచండి. మంచినీళ్లు, టార్చిలైటు, కళ్లద్దాలు నడుము తిప్పకుండా చేతికి అందేచోట పెట్టండి.

నొప్పి మాత్ర సంగతి వైద్యుని అడగండి. రోజుకు ఇన్ని అని చెప్పినవాటిలో ఒకటి నిద్రకు అరగంట, గంట ముందు పడేటట్లు వేళలు సర్దుకోవచ్చునేమో తెలుసుకోండి. నిద్ర రాలేదని మందుల దుకాణంలో ఇంకేదో మాత్ర కొని వేయవద్దు. నిద్రమాత్ర మత్తులో లేచినవారు పడిపోతారు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మందు మాత్రం ఒక్క పూట కూడా మానవద్దు. మెలకువగా ఉన్నంతసేపు గంటకొకసారి పాదాలను పైకి, క్రిందికి పది పదిహేనుసార్లు ఆడించడం పిక్కలలో రక్తం నిలవకుండా కాపాడుతుంది. నిద్ర పట్టనప్పుడు చేయదగిన మంచి పని అది. గురక ఎక్కువగా ఉండి, నిద్రలో ఊపిరి ఆగినట్టయ్యేవారు వెల్లకిల పడుకుంటే అది పెరుగుతుంది. ఆపరేషన్‌కు ముందే ఆ సంగతి వైద్యునికి చెప్పాలి.

పగటి నిద్ర తగ్గించండి. పగలు రెండు పూటలు నడిచి, ఎత్తైన కుర్చీలో కొంతసేపు కూర్చున్నవారికి రాత్రి నిద్ర బాగా పడుతుంది. పాతబస్తీలో రాత్రి సందడి కూడా ఒక విషయమే. రంజాను నెలలో చార్మినారు చుట్టూ బజారు తెల్లవారేవరకు మేల్కొనే ఉంటుంది. ఆషాఢంలో లాల్‌దర్వాజ బోనాలు, పెళ్లి ఊరేగింపులు సరేసరి. ఆ రోజులకు తగినట్టు రోగి మంచాన్ని లోపలి గోడ వైపు వేసుకోవడం, కిటికీకి మందపు తెర కట్టడం మంచిది.

ఇంకొక హెచ్చరిక. కాలు లాగుతున్నదని నూనె పట్టించి తొడ మర్దన చేయించడం, ఎముకలు కట్టే పహిల్వాను దగ్గరికో, పల్లెలో కట్టు కట్టేవారి దగ్గరికో తీసుకొనిపోయి కాలు లాగించడం చేయవద్దు. లోపల ఉన్నది లోహపు కీలు. దాన్ని లాగి సరిచేయడానికి వీలులేదు, జారేటట్టు చేయడానికి మాత్రం వీలుంది.

అర్ధరాత్రి పిలుపు

ఇంతవరకు చెప్పినవన్నీ దిండ్లు, దిమ్మెల సంగతులు. అసలు ప్రమాదం వేరొకచోట ఉంది. అది మొహమాటం.

ఒక పెద్దాయన, ఆపరేషన్ అయి పదిహేను రోజులు. అన్నీ చక్కగా జరుగుతున్నాయి. రాత్రి రెండు గంటలకు మూత్రానికి లేవవలసి వచ్చింది. ప్రక్కనే కోడలు చంటిబిడ్డతో పడుకొని ఉన్నది. పగలంతా పని చేసి అలసిపోయిన పిల్లను లేపడమెందుకని ఆయన తానే లేచి కూర్చున్నారు. చీకట్లో చెప్పులు మంచం క్రిందికి జరిగి ఉన్నాయి. వాటికోసం వంగారు. అంతే, తుంటి జారింది. ఆయన వేసిన కేకకు గల్లీ అంతా లేచింది. ఆసుపత్రిలో మత్తు ఇచ్చి కీలును మళ్లీ లోపలికి కూర్చోబెట్టారు. మళ్లీ ఆరు వారాలు మొదటినుండి. "నన్ను లేపితే ఏమైతుండె మామయ్యా?" అని ఆ కోడలు ఏడ్చిందట. ఆయన దగ్గర జవాబు లేదు.

మన పెద్దలు ఒకరికి భారం కాకూడదని ప్రార్థించేవారు. పొలంలో, ఇంట్లో తమ పని తాము చేసుకొన్నవారు. అర్ధరాత్రి కోడలిని పిలిచి మూత్రపు పాత్ర తెమ్మనడం వారికి చావుతో సమానం. అత్తలకైనా కొంత చనువు ఉంటుంది, మామలకు అదీ ఉండదు. కాబట్టి పెద్దలు అడగాలని ఎదురుచూడవద్దు. అడగవలసిన అవసరం లేకుండా ఏర్పాటు చేయండి. మగవారికి మంచం ప్రక్కనే మూత్రపు సీసా పెట్టండి. ఆడవారికి చేతులున్న ఎత్తైన కమోడ్ కుర్చీ మంచానికి ఆనించి ఉంచండి. పెరట్లో ఉన్న కూర్చునే మరుగుదొడ్డి ఈ ఆరు వారాలు కాదు, ఆ తరువాత కూడా సర్జన్ అనుమతి లేకుండా వాడకూడదు. చిన్న బల్బు రాత్రంతా వెలగనివ్వండి. చెప్పులు కాక, వెనుక మడమ ఉన్న బూట్లలాంటివి మంచం ప్రక్కన కుర్చీ మీద పెట్టండి. చేతికి అందేచోట ఒక గంట వ్రేలాడదీయండి. సైకిలు గంటైనా చాలు. పేరు పెట్టి పిలవడానికి నోరు రాని మనిషి గంట కొట్టగలడు.

సేవ చేసేవారి నిద్ర కూడా లెక్కలోకి రావాలి. నలభై రెండు రాత్రులు ఒకే కోడలు మేల్కొంటే ఆమె పడిపోతుంది, లేదా విసుగుకుంటుంది. ఆ విసుగు చూచి పెద్దవారు పిలవడం మానుకుంటారు. కొడుకు, కోడలు, కూతురు, పెద్ద మనుమడు రాత్రులు పంచుకోండి. తండ్రికి కొడుకు, మనుమడు సేవ చేయడంలో చిన్నతనం లేదు. ఆ పెద్దాయన ఇంట్లో రెండవసారి ఆరు వారాలు అలాగే గడిచాయి. కొడుకు మంచం ప్రక్కనే నేలమీద పడుకున్నాడు.

పరామర్శకు వెళ్లేవారికి

సంఘంలోని మనం కూడా కొంచెం ఆలోచించాలి. రోగిని చూడడానికి రాత్రి ఎనిమిదింటికి పదిమంది వెళ్లి, పాటలు పాడి, పదింటివరకు కూర్చుంటే, అప్పటికి వేసుకున్న నొప్పి మాత్ర బలం సగం అయిపోతుంది. సాయంత్రం ఐదింటికి ఇద్దరు ముగ్గురు వెళ్లి పావుగంటలో ప్రార్థించి రండి. మంచం మీద కూర్చోవద్దు. పరుపు ఒరిగితే కాలు కదులుతుంది. రోగి మర్యాదకోసం లేచి కూర్చోబోతే వద్దనండి. వెళ్లేటప్పుడు పండ్లతోపాటు, ఒక రాత్రి కాపలాకు ఎవరైనా కావాలా అని అడగండి. ఆ మాట పండ్లకంటే విలువైనది.

ఆరాధనకు రావడం మొదలుపెట్టినప్పుడు అటువంటివారికి చాపమీద కాదు, చేతులున్న గట్టి కుర్చీ వేయించండి. మోకాళ్లూనమని బలవంతపెట్టవద్దు.

ఎప్పుడు తిరగవచ్చు? ఎప్పుడు పరుగెత్తాలి?

సాధారణంగా ఆరు వారాల తనిఖీలో సర్జన్ చూచి, పక్కకు తిరగడానికి అనుమతిస్తారు. కొందరికి ముందే ఇస్తారు, కొందరిని పన్నెండు వారాలవరకు ఆగమంటారు. అనుమతి వచ్చిన తరువాత మొదట ఆపరేషన్ కాని వైపుకు తిరగాలి. అప్పుడు కూడా మోకాళ్ల నుండి పాదాల వరకు దిండు ఉండవలసిందే. పైనున్న కాలు ఆ దిండు మీద విశ్రమించాలి, దాన్ని దాటి ముందుకు వాలకూడదు. ఆపరేషన్ అయిన వైపు పడుకోవడం గాయం నొప్పి పూర్తిగా పోయిన తరువాత. బోర్లా పడుకోవడం సర్జన్ చెప్పేవరకు వద్దు.

ఈ క్రింది వాటిలో ఏది కనబడినా తెల్లవారేవరకు ఆగవద్దు, 108కి ఫోను చేయండి లేదా ఆసుపత్రికి తీసుకొనిపోండి. అకస్మాత్తుగా తుంటిలో భరించలేని నొప్పి వచ్చి కాలు పొట్టిగా అయినట్టో, లోపలికో బయటికో తిరిగినట్టో కనబడడం, ఆ కాలి మీద నిలబడలేకపోవడం, పిక్క వాచి, వేడెక్కి, నొప్పిగా ఉండడం, ఊపిరి అందకపోవడం, ఛాతీలో నొప్పి. గాయం నుండి చీము, నీరు కారినా, చలిజ్వరం వచ్చినా అదే రోజు చూపించాలి. కాలు జారిందనుకుంటే సరిచేయబోవద్దు. ఉన్నట్టే దిండ్లు ఆనించి, ఏమీ తినిపించక, త్రాగించక తీసుకొనిపోండి, ఎందుకంటే మత్తు ఇవ్వవలసి రావచ్చు.

ఊరికి తిరిగి వెళ్లేటప్పుడు ఆటోలో, బస్సులో ముడుచుకొని కూర్చోబెట్టవద్దు. కారు ముందు సీటును వెనుకకు జరిపి, గట్టి దిండు వేసి ఎత్తు పెంచి, సీటు కొంచెం వాల్చి కూర్చోబెట్టండి. గంటకొకసారి దింపి నాలుగడుగులు నడిపించండి. వాహనం కదిలేముందే ఊళ్లో ఉన్నవారికి కబురు చేసి మంచం ఎత్తు సరిచేయించండి. పట్నంలో ఆరు వారాలు జాగ్రత్తపడి, ఊరికి చేరిన మొదటి రాత్రి నులకమంచం మీద పడుకున్నవారున్నారు.

ఆరు వారాలంటే నలభై రెండు రాత్రులు. పక్కా క్యాలెండరు ఒకటి మంచం ఎదుట గోడకు తగిలించి, గడిచిన ప్రతి రాత్రికి ఒక గీత పెట్టించండి. ఎన్ని మిగిలాయో కనబడితే ఓర్పు సులభమవుతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ గీత పెట్టే పని వారికి అప్పగించండి. తాతకో నానమ్మకో ప్రతి ఉదయం, "రాత్రి మంచిగ నిద్ర పట్టిందా?" అని అడిగేవారు ఒకరు తప్పకుండా ఉంటారు.